సినిమాలో తిన్న పదకొండు దెబ్బలు

ఆ సినిమాలో నన్ను పదకొండు దెబ్బలు కొట్టారు. మూడో వరసలో కూర్చుని లెక్కపెట్టాను. తోలు బెల్టుతో ఏడు, కర్రతో నాలుగు. నన్నంటే నన్ను కాదు, నా వేషం కట్టిన ఒక ఆఫీసు ఉద్యోగస్థుణ్ణి. నా పక్కన కూర్చున్న ఆవిడ దెబ్బ దెబ్బకీ "అయ్యో, అయ్యో" అంటూ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒమాన్‌లో ఆరేళ్ళుగా పశువులు చూసుకుంటున్నాను. మా అర్బాబ్, ఇక్కడ యజమానిని అలాగే అంటాం, ఒక్కసారి కూడా నా మీద చెయ్యెత్తలేదు. ఆయన నాకు చేసిన అన్యాయం వేరే ఉంది. అది బెల్టుతో చేసింది కాదు కాబట్టి ఎవరికీ సినిమాకు పనికిరాలేదు.

అందుకే నేనే రాస్తున్నాను. పదో తరగతి దాకా చదివాను, రాయడం వచ్చు. ఈ ముక్క చెప్పినా ఆ సినిమావాళ్ళు నమ్మరు. వాళ్ళ కథలో నాకు వేలిముద్ర తప్ప ఇంకేమీ రాదు.

మా మజ్రా, అంటే మా పశువుల తోట, ఇబ్రా అనే ఊరి నుంచి గంట దూరంలో ఉంటుంది. తారు రోడ్డు దిగాక అరగంట మట్టి దారి. వంద ఖర్జూరపు చెట్లు, వాటి కింద పచ్చగడ్డి మడులు, నలభై మేకలు, ఆరు ఒంటెలు, మూడు ఆవులు, నేను. మాది కడప జిల్లా. మా నాయన పళ్ళు చూసి గొడ్డు వయసు చెప్పేవాడు, నడక చూసి రోగం చెప్పేవాడు. ఆ విద్యలో సగం నాకు వచ్చింది. ఏ మేక మేత మానేసిందో, ఏ ఒంటె కాలు ఎత్తి పెడుతుందో పొద్దున కొట్టంలో అడుగుపెట్టగానే తెలుస్తుంది. ఈ పనిలో నేను ఎవడికీ తీసిపోను. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

మూడు ఆవుల్లో ఎర్రది నాకు ప్రాణం. ఇక్కడి నాటు ఆవులు పొట్టిగా, మూపురంతో, అచ్చం మన ఆవుల్లాగే ఉంటాయి. తొలి చూలు ఏడో నెలలో పోయింది దానికి. రెండోసారి చూడి కట్టినప్పుడు అర్బాబ్ నాకొక మాట చెప్పాడు. అప్పటికే నాకు రావలసిన సెలవు ఏడాదిన్నర దాటిపోయింది. ఆయన హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడతాడు. ఆవు పొట్ట మీద చెయ్యి వేసి, "బచ్చా ఆయే, తుమ్ ఛుట్టీ" అన్నాడు. దూడ పుడితే నాకు మూడు నెలల సెలవు, టికెట్టు. ఆ రోజు నుంచి ఆ ఆవు కడుపులో పెరిగింది దూడ ఒక్కటే కాదు. నా మంచం కింద పెట్టె సర్దుకున్నాను. నా భార్యకు రెండు దుప్పట్లు, ఒక డబ్బా ఖర్జూరం, ఆమె అడిగిన నొప్పుల తైలం. తొమ్మిదో నెల వచ్చింది. పొదుగు దిగుతోంది. రోజూ తోక మొదట్లో నొక్కి చూసేవాణ్ణి, మెత్తబడిందా లేదా అని.

ఇలా ఉండగా సినిమావాళ్ళు వచ్చారు.

అంతకు ముందు పండగకి మస్కట్ పక్కన మబేలాలో మనవాళ్ళ రూముకి వెళ్ళాను. అక్కడ ఫోనులో ఒక ఇంగ్లీషు సినిమా చూస్తున్నారు. ఏదో పరదేశంలో వేల ఎకరాల పశువుల తోట. హీరో పెద్ద టోపీ పెట్టుకుని, గుర్రమెక్కి, వెయ్యి ఆవుల్ని ఈల వేసి మళ్ళిస్తాడు. సాయంత్రం మంట పక్కన కూర్చుని పాట పాడతాడు. దాని తర్వాత మన తెలుగువాళ్ళ వీడియో ఒకటి పెట్టారు. అందులో గొర్రెలు కాసేవాడు ఎండు రొట్టె నీళ్ళలో ముంచుకుని తింటూ, "అమ్మా, నేను బాగున్నానే" అని ఫోనులో అబద్ధం చెప్పి ఏడుస్తాడు. వెనక వేణువు. ఆ గడ్డం మీది మట్టి రంగుడబ్బాలో మట్టి. చూసిన అందరూ ముక్కు చీదారు. పని అదే, పశువు అదే, ఎండ అదే. తెల్లవాడు కాస్తే వీరుడు, మనవాడు కాస్తే దిక్కులేనివాడు. ఎవడు రాశాడు ఈ శాసనం? నేను అడిగితే, "ఊరుకో అన్నా, సినిమా గదా" అన్నారు.

ఇబ్రాలో మందుల షాపులో పనిచేసే మనవాడొకడు నా నంబరు వాళ్ళకిచ్చాడు. ఫోను చేసినాయన మస్కట్‌లో ఉద్యోగం, శుక్రవారాలు సినిమాలు తీస్తాడు. గోదావరి మాట. "బాబాయ్ గారూ, మీలాంటి వాళ్ళ కష్టం లోకానికి చూపించాలండి. ఒక్క రోజు మీ తోట ఇప్పించండి చాలు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నాలుగు నెలలుగా ఎదురుగా నిలబడి తెలుగు మాట్లాడిన మనిషి లేడు నాకు. అదీ కాక, నా పని నలుగురికీ చూపిద్దామన్న ఆశ కూడా కొంచెం ఉంది. ఆ శుక్రవారం అర్బాబ్ బంధువుల పెళ్ళికి సూర్ అనే ఊరికి వెళ్తున్నాడు. ఆయన్ను అడగలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. తొక్కాను.

రెండు వ్యాన్లలో పదిహేను మంది దిగారు. డైరెక్టరు దిగీ దిగగానే ఖర్జూరపు చెట్లు, పచ్చగడ్డి చూసి డీలా పడిపోయాడు.

"బాబాయ్ గారూ, ఎడారి ఎక్కడండీ?"

"ఇదే సార్."

"ఇంత పచ్చగా ఉంటే ఎవరూ నమ్మరండి. ఆవులు కూడా ఉన్నాయా? అబ్బే, ఆవులు ఫ్రేములోకి రాకూడదు. గల్ఫు అంటే ఒంటెలు, మేకలేనండి."

నా చొక్కా ఉతికినది. అదీ నచ్చలేదు. వాళ్ళు తెచ్చిన చిరుగుల చొక్కా తొడిగి, నెత్తిన ఇంత దుమ్ము పోశారు. కాపరి వేషం వాళ్ళ హీరోది, ఆ ఆఫీసు ఉద్యోగస్థుడిది, కానీ మేకలు హీరో వెంట నడవవు కదా. పాపం ఆయన "హేయ్, హేయ్" అని అరుస్తుంటే అవి గడ్డి నములుతూ చూశాయి. అందుకని దూరం నుంచి తీసే నడకలన్నిటికీ నన్నే నడవమన్నారు. తోట వెనక రెండు మైళ్ళ అవతల ఎండిన వాగు ఉంది, అక్కడైతే ఎడారిలా ఉంటుందని తేల్చారు.

నలుగురు ఆడవాళ్ళు మాత్రం తోటలోనే ఉండిపోయారు. మస్కట్‌లో దార్సైట్ వైపు ఉండే కుటుంబాలు. ఆవును చూసి వాళ్ళకు ఎంత సంబరమో! మస్కట్‌లో ఆవు ముఖం చూసి ఎన్నేళ్ళయిందో అన్నారు. ఒకావిడ నా దగ్గరకొచ్చి, "దేశవాళీ ఆవేనా అండీ? గోపూజ చేసుకోవచ్చా?" అని అడిగింది. బ్యాగులోంచి పసుపు, కుంకుమ తీసింది.

"సేసుకోండమ్మా. కానీ ఏమీ తినబెట్టగాకండి. చూడిది అది."

"ఒక్క పండు పెడతామండీ. ఖాళీ చేతుల్తో గోమాతకి దణ్ణం పెట్టకూడదు కదా."

"ఒగటంటే ఒగటే పెట్టండమ్మా" అన్నాను.

ఆ మాట అని, నేను నటించడానికి వెళ్ళాను. మూడు గంటలు వాగులో నడిచాను. తూలుతూ నడవమన్నారు, తూలాను. పడిపొమ్మన్నారు, పడ్డాను. కళ్ళలో ఏదో చుక్కలు వేసి దూరంగా చూడమన్నారు, చూశాను. లేని దాహానికి నేను అక్కడ నాలుక చాపుతుంటే, ఇక్కడ నిజంగా జరుగుతున్నది నాకు తెలియలేదు.

తిరిగొచ్చేసరికి ఆవు నుదుట ఇంత కుంకుమ, కొమ్ములకు రవికెల గుడ్డ, మెడలో ప్లాస్టిక్ బంతిపూల దండ. గాడి ముందు రెండు పెద్ద గిన్నెలు ఖాళీగా ఉన్నాయి. నలభై మందికని వండుకొచ్చారట, పదిహేను మందే వచ్చారట. మిగిలిన పులిహోర, చక్కెర పొంగలి, రెండు గెలల అరటిపళ్ళు, అన్నీ దాని కడుపులో ఉన్నాయి. పారేస్తే పాపం, గోమాతకు పెడితే పుణ్యం. ఆ పసుపు ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "ఎంత ఆకలి మీద ఉందోనండీ పాపం, మెతుకు వదల్లేదు. మీ అర్బాబు సరిగ్గా మేత కూడా వెయ్యడా?" అంది.

ఆవు అన్నం ఆకలికి తినదు. రుచికి తింటుంది. ఆపడం దానికి తెలియదు. గడ్డి అరిగే పొట్టలో అంత అన్నం, బెల్లం పడితే అది కల్లుకుండలాగా పులుస్తుంది. మా ఊళ్ళో పెళ్ళిళ్ళప్పుడు విస్తళ్ళ దగ్గర మేసి చచ్చిన గొడ్లను చిన్నప్పుడే చూశాను. ఇది తెలిసిన వాణ్ణి, ఆ క్షణంలో గట్టిగా అరవాలి. ఏం పెట్టారో, ఎంత పెట్టారో అడగాలి. నేనేం చేశానో తెలుసా? "సరేలేమ్మా" అన్నాను. ఆమె ఆవు కాళ్ళకు దణ్ణం పెడుతుంటే నోరు రాలేదు. చదువుకున్న వాళ్ళ ముందు మనకు ఎప్పుడూ ఇదే జబ్బు. ఆ మాటకు ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

సాయంత్రానికి ఆవు నెమరు వేయడం ఆపేసింది. శనివారం పొద్దున ఎడమ డొక్క ఉబ్బింది, పళ్ళు కొరుకుతోంది. మా నాయన చేసినట్టే నోట్లో అడ్డంగా కట్టె కట్టాను, నూనె పట్టాను. అర్బాబ్‌కి ఫోను చేశాను. ఆయన సూర్ నుంచి వచ్చేటప్పుడు ఇబ్రాలో పశువుల డాక్టరును, ఒక సూడాన్ మనిషిని, బండిలో ఎక్కించుకొచ్చాడు. పెళ్ళి బట్టల్లోనే వచ్చి అర్బాబ్ పేడలో మోకాళ్ళ మీద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. సినిమాలో అర్బాబ్ వేషం కట్టినాయనకు బుగ్గన ఇంత మచ్చ అతికించారు. మా అర్బాబ్‌కి మచ్చలు లేవు, మోకాళ్ళ నొప్పులున్నాయి.

"క్యా ఖాయా?" అని డాక్టరు నన్ను అడిగాడు. ఏం తిన్నది?

"గడ్డి" అన్నాను.

అబద్ధం. అర్బాబ్ వింటున్నాడు. చెప్పకుండా జనాన్ని తోటలోకి రానిచ్చానని తెలిస్తే సెలవు పోతుందని భయం. డాక్టరు మామూలు ఉబ్బుకి చేసే వైద్యమే చేశాడు. గంట గడిచింది. ఆవు కళ్ళు లోపలికి పోయాయి, పేడ నీళ్ళలా పడి పుల్లటి వాసన కొట్టింది. డాక్టరు వాసన చూసి ముఖం చిట్లించాడు. దాని నుదురు వేలితో రుద్దాడు. వేలికి ఎర్రగా అంటింది. "యే క్యా?" అని ఆ వేలు నాకు చూపించాడు.

అప్పుడు చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. గొట్టం వేసి పొట్ట కడిగాడు, సోడా పట్టాడు, సూదులు వేశాడు. వెళ్తూ వెళ్తూ, ఆ గంట ముందే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం అన్నాడు. ఆదివారం పొద్దు పొడిచే వేళకు ఆవు కాళ్ళు చాచేసింది. దూడ లోపలే ఉంది. చెయ్యి వేసి చూశాను, కాసేపు కదిలింది, తర్వాత లేదు. నేను గట్టిగా ఏడ్చాను. కళ్ళలో చుక్కలేమీ వేసుకోలేదు.

అర్బాబ్ కొట్టలేదు. తిట్టలేదు. "ఎవరు వచ్చారు?" అని అడిగాడు. మా వాళ్ళు అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి, మిగిలిన రెంటిలో చిన్నదాన్ని, ఇంకా ఈనని పెయ్యను చూపించి, మామూలు గొంతుతో, "ఛుట్టీ బాద్ సనా" అన్నాడు. సెలవు ఏడాది తర్వాత. ఆ పెయ్య ఎదకొచ్చి, చూడి కట్టి, ఈనాలి. అప్పుడు వెళ్ళవచ్చు. మేత ఇంకో మోపు వెయ్యమన్నంత తేలిగ్గా అన్నాడు ఆ మాట.

ఇదీ ఆయన నాకు చేసింది. నా సెలవు నా ఉద్యోగపు కాగితంలో రాసి ఉంది. అది దూడతో పాటు పుట్టేది కాదు, ఆవుతో పాటు చచ్చేది కాదు. ఆవు చావులో నా తప్పుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి నా ఏడాది తీసుకునే హక్కు ఆయనకెక్కడిది? నా పాస్‌పోర్టు ఆయన ఇనప్పెట్టెలో ఉంది. ఫిర్యాదు చేయవచ్చు, నాకు తెలుసు. చేయాలంటే పట్నం పోవాలి, నాలుగు రోజులు తిరగాలి. ఆ నాలుగు రోజులు నలభై మేకలకు నీళ్ళు ఎవడు పెడతాడు? నన్ను ఇక్కడ కట్టి పడేసిన పలుపు అదీ. దాని రెండో కొస ఆయన చేతిలో ఉందని ఆయనకు బాగా తెలుసు. ఇంత మాటంటే తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడంటారు. అననీ. ఆ ఇంటికి వాసాలు మోసింది నేను.

వారం తర్వాత డైరెక్టరు ఫోను చేస్తే ఆవు చచ్చిపోయిందని చెప్పాను. ఎందుకు చచ్చిందో కూడా చెప్పాను. "అయ్యయ్యో" అన్నాడు. ఆ వెంటే అడిగాడు.

"తర్వాత ఆయన మిమ్మల్ని ఏం చేశాడండీ?"

"ఏమీ సేయల్యా సార్. సెలవు ఇయ్యల్యా, అంతే."

"కొట్టలేదాండీ?"

"లేదు సార్."

"ఓహో" అని ఫోను పెట్టేశాడు. ఆయనకు నిరాశ కలిగిందని నాకు అప్పుడే తెలిసింది.

మూడు నెలలకు సినిమా పూర్తయింది. దార్సైట్ దగ్గర ఒక హాల్లో శుక్రవారం పొద్దున వేస్తున్నాం, తప్పక రావాలి అన్నారు. గడ్డి తెచ్చే లారీలో వెళ్ళాను. తెర మీద నా ఎర్రావు ఒంటె అయిపోయింది. ఒంటె దాహంతో చచ్చిపోతుంది. నీళ్ళు పెట్టలేదని అర్బాబ్ ఆ కాపరిని పదకొండు దెబ్బలు కొడతాడు. కాపరి ఇసుకలో పడి, తూలుతూ లేచి నడుస్తాడు. ఆ నడక నాది. దాహం నాది కాదు, దెబ్బలు నావి కావు, నడక మాత్రం నాది. పులిహోర లేదు, పొంగలి లేదు, కుంకుమ లేదు, "సరేలేమ్మా" లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. వీళ్ళు పుండు లేనిచోట కూడా పొడిచి ఒకటి చేసుకున్నారు.

అయిపోగానే నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. "అసలైన హీరో" అన్నారు. మైకు ఇచ్చారు. అంతా లేచి చప్పట్లు కొడుతున్నారు. చెప్పాలనుకున్నదంతా గొంతు దాకా వచ్చింది. "అందరికీ నమస్కారం" అని దిగిపోయాను. నోరు రాకపోవడం ఇది రెండోసారి.

తర్వాత భోజనాలు. నేను లారీ కోసం బయట నిలబడ్డాను. అప్పుడొచ్చింది ఆ పసుపు ఆవిడ. వెనక ఇద్దరు మనుషులు, వాళ్ళ చేతుల్లో రెండు పెద్ద పళ్ళేలు. కొబ్బరన్నం, బిసిబేళబాత్. ముఖం నిండా నవ్వు. నిజంగా మంచి మనిషే, అదే ఇంకా కోపం నాకు.

"చాలా మిగిలిపోయిందండీ. పారెయ్యడం పాపం కదా. లారీలో వెళ్తున్నారట కదా, మీ ఆవులకి వెయ్యండి."

నేను ఆ పళ్ళేలు అందుకోలేదు.

"అమ్మా, మీ డైరెక్టరు సార్‌కి నేను ఫోన్లో సెప్పినా. మీకు సెప్పల్యాదా ఆయప్ప?"

"ఏం చెప్పారండీ?"

"ఆ పొద్దు మీరు తినబెట్టిన అన్నానికే నా ఆవు సచ్చిపోయింది. కడుపులో దూడతో కూడా సచ్చిపోయింది. దాహంతో కాదు. ఎవురో కొట్టినందుకు కాదు. ఒగటంటే ఒగటే పండు పెట్టమంటిని, రెండు గిన్నెలు పెడితిరి. నన్నేమో ఆ వాగులో దొర్లిస్తిరి. ఇప్పుడు మళ్ళా తెచ్చినారా? ఇంగా రెండుండాయి నా కొట్టంలో. వాటిని గూడా సంపాల్నా?"

ఆమె నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. లోపల్నుంచి డైరెక్టరు వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి ఆమెతో, "సినిమా చూసి బాబాయ్ గారు బాగా కదిలిపోయారండి" అన్నాడు. నేను ఆ చెయ్యి తీసేశాను. శాలువా మడిచి పళ్ళెం మీద పెట్టి లారీ ఎక్కాను.

అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. సినిమాను ఫోన్లలోకి వదిలారు, చివర నా ఫోటో వేసి, ఇది జరిగిన కథ అని రాసి. అది మా ఊరు చేరింది. మా తోటలో నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితేనే సిగ్నలు వస్తుంది. మర్నాడు మధ్యాహ్నం అక్కడ నిలబడగానే నా భార్య వీడియో కాల్ చేసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నాతో అబద్ధం సెప్పగాకు. సొక్కా ఇప్పు" అంది.

"ఎవురూ కొట్టల్యా. అది సినిమా."

"ఇప్పమంటాండా గదా."

ఇప్పాను. ఫోను మెట్టు మీద ఆనించి వెనక్కి తిరిగాను. భుజాలు చూపించమంది, నడుము చూపించమంది. చేతులు ఎత్తమంది. యాభై ఏళ్ళవాణ్ణి, సంతలో గొడ్డులాగా ఎండలో తిరిగి తిరిగి చూపించాను. చాలాసేపు చూసింది.

"యాడా ఏమీ లేదే" అంది.

"లేదనే గదా సెప్తాండా."

ముక్కు తుడుచుకుంది.

"మరి ఎందుకు రాల్యా నువ్వు?"

చొక్కా చేతిలో పట్టుకుని ఆ మెట్ల మీద అలాగే నిలబడ్డాను. కింద కొట్టంలో పెయ్య మేతకు అరుస్తోంది.